అమ్మ ఫోనొస్తే గుండె మీద బరువు... ఏ పాయింటు తట్టాలి?

కావలి నుంచి ఒక ఇల్లాలు రాశారు. వయసు 34. తమ్ముడు అల్లూరు వైపు రొయ్యల చెరువులు లీజుకు తీసుకుంటే, అమ్మ అడిగిందని భర్తకు తెలియకుండా 12 సవర్ల బంగారం బ్యాంకులో కుదువ పెట్టి డబ్బిచ్చారు. తెల్లమచ్చ తెగులొచ్చి పంట పోయింది. ఇప్పుడు రోజూ సాయంత్రం అమ్మ ఫోను, చెరువులో మళ్ళీ సీడు (రొయ్య పిల్లలు) వదలాలి, ఇంకొంచెం సర్దమని. ఫోను మోగితే చాలు గుండె మీద బరువు, చేతులు చల్లబడిపోతున్నాయి. వీడియోలు చూసి రెండు నెలలుగా ట్యాపింగ్ (మనసు నెమ్మదించడానికి ముఖం మీద, ఒంటి మీద కొన్ని పాయింట్ల దగ్గర వేళ్ళతో తట్టడం) చేస్తున్నా తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తోందట. 'ఏ పాయింటు తప్పు తడుతున్నాను? ఎన్నిసార్లు తట్టాలి?' అని అడిగారు.

అమ్మా, మీరు రాసిన పాయింట్లన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఒక్కోచోట ఐదు నుంచి ఏడుసార్లు తడితే చాలు. ఆ ప్రశ్న అంతటితో వదిలేద్దాం.

మీ ఉత్తరంలో తమ్ముడు మీతో నేరుగా అన్న మాట ఒక్కటీ లేదు. అడిగింది అమ్మ, ఏడ్చింది అమ్మ, 'మీ ఆయనకు చెప్పమాక' అన్నది కూడా అమ్మే. అప్పు తీసుకున్న మగపిల్లాడు అక్క ముఖం చూడకుండా తిరుగుతుంటే అమ్మ మధ్యలో నిలబడి కూతురి చేత మోయిస్తోంది. పుట్టింటికి ఆడపిల్ల సాయం చెయ్యకూడదని నేననను. కానీ మొగుడి దగ్గర దొంగలా బతకమని అడిగే హక్కు కన్నతల్లికి కూడా లేదు. మీ గుండె మీది బరువు అదే.

ట్యాపింగ్ మానెయ్యమని చెప్పడం లేదు. అమెరికా మనస్తత్వ నిపుణుడు రోజర్ క్యాలహన్ మొదలుపెట్టిన ఈ పద్ధతిని ఆయన శిష్యుడు గ్యారీ క్రెయిగ్ 1990లలో సులువు చేసి ఈఎఫ్‌టీ (ఎమోషనల్ ఫ్రీడమ్ టెక్నిక్స్) అన్నారు. తట్టే పాయింట్లు ఒంట్లో శక్తి ప్రవహించే నాడుల మీద ఉంటాయని వాళ్ళంటారు, అలాంటి శక్తి నాడులు ఉన్నాయని మాత్రం ఇంతవరకూ ఎవరూ రుజువు చెయ్యలేదు. 2003లో వచ్చిన ఒక పరిశీలనలో అసలు పాయింట్లు తట్టినవాళ్ళకీ, వేరే చోట తట్టినవాళ్ళకీ, చివరికి బొమ్మను తట్టినవాళ్ళకీ కూడా భయం తగ్గింది. కాబట్టి వేలు అరంగుళం పక్కకు జరిగిందని దిగులు పడొద్దు. భయాన్ని పేరు పెట్టి పిలుస్తూ, దాన్నుంచి పారిపోకుండా, ఒక లయలో కాసేపు కూర్చోవడం వల్లే మనసు నెమ్మదిస్తుందని నా నమ్మకం.

మీ దగ్గర తప్పు జరిగింది మాటలో. 'నాకు టెన్షన్‌గా ఉంది' అని తడుతున్నారు. అలా గుండుగుత్తగా అంటే మనసుకు పట్టుకోవడానికేమీ దొరకదు. 'అమ్మ పేరు ఫోనులో కనబడగానే గుండె మీద బరువు' అనండి. ముందు ఆ బరువుకు సున్నా నుంచి పది లోపు ఒక అంకె వెయ్యండి. చిటికెన వేలి కింద, అరచేతి పక్కనున్న కండను రెండో చేతి వేళ్ళతో తడుతూ మూడుసార్లు: 'ఆయనకు చెప్పకుండా బంగారం పెట్టాను, అయినా నన్ను నేను తోసిపుచ్చుకోను.' తర్వాత చూపుడు, మధ్య వేళ్ళ కొనలతో కనుబొమ మొదలు, కంటి పక్క ఎముక, కంటి కింద ఎముక, ముక్కు కింద, పెదవి కింది గుంట, మెడ ఎముక కింద, చంకకు నాలుగంగుళాల దిగువ, ఆఖర్న నడినెత్తి. ప్రతిచోటా 'ఈ బరువు' అని పైకే అనండి. తలుపు తట్టినంత మెల్లగా చాలు, చర్మం ఎర్రబడకూడదు. ఒక చుట్టు అయ్యాక నిదానంగా ఊపిరి వదిలి మళ్ళీ అంకె చూసుకోండి. మధ్యలో ఏడుపు ముంచుకొస్తే ఆపి, కళ్ళు తెరిచి, కాళ్ళు నేలకు ఆనించి గదిలోని వస్తువులు చూడండి.

బరువు ఎడమ చేతికి పాకినా, చెమటలు పట్టినా ట్యాపింగ్ చేస్తూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. చచ్చిపోదామన్న ఆలోచన వస్తే 14416కు చెయ్యండి. టెలీ మానస్ వాళ్ళు రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు.

ఎనిమిది ఉన్న అంకె రెండు చుట్లకు నాలుగుకు దిగితే, దాన్ని సున్నా చెయ్యాలని కూర్చోవద్దు. ఆ నాలుగు మీదే లేచి వెళ్ళి మీ ఆయనకు చెప్పండి. పిల్లలు పడుకున్నాక, కుదువ రసీదు చేతిలో పెట్టి చెప్పండి: ఎంత తెచ్చారు, వడ్డీ ఎంతయింది, గడువు ఎప్పుడు. కోపం వస్తుంది, రానివ్వండి. గడువు దాటి బ్యాంకు నోటీసు ఇంటికొచ్చినప్పుడు తెలిసేదానికంటే మీ నోట వినడం ఆయనకు మర్యాద. మర్నాడు ఇద్దరూ కలిసి బ్యాంకుకెళ్ళి, వడ్డీ కట్టి తిరగరాయించుకునే వీలుందేమో అడగండి. లేకపోతే రెండు మూడు వస్తువులు అమ్మి మిగతావి విడిపించుకోండి.

అమ్మకు చెప్పాల్సింది ఒక్క మాట: 'డబ్బు సంగతి తమ్ముణ్ణి నాతో, మీ అల్లుడితో మాట్లాడమను.' ఆవిడ ఏడుస్తుంది, నిన్నింత చేశానంటుంది. ఫోను పెట్టెయ్యకండి, మాట మార్చకండి. భోజనం చేశారా అని అడిగి, మళ్ళీ అదే మాట చెప్పండి.