ఇంటి కెమెరాలకు ఏ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ మంచిది?

సందేహం: మేము ఈమధ్యే డాలస్ దగ్గర సొంత ఇల్లు కొనుక్కున్నాము. ఇంటి చుట్టూ నాలుగు కెమెరాలు పెట్టుకోవాలని ఉంది. నెలనెలా చందా కట్టకుండా, రికార్డింగ్ మా ఇంట్లోనే ఉండేలా చేసుకోవాలని మా ఆలోచన. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, నా భార్య వేరే రంగంలో పనిచేస్తుంది. ఏటా ఒకసారి ఇండియా వెళ్లి వస్తుంటాము. కెమెరాలు ఇంకా కొనలేదు. ఏ సాఫ్ట్‌వేర్ ఎంచుకోమంటారు?

సమాధానం: కెమెరాలు ఇంకా కొనలేదన్నారు కాబట్టి సగం పని సులువైనట్టే. మనవాళ్ల ఇళ్లలో సాధారణంగా థాంక్స్‌గివింగ్ తగ్గింపు ధరల్లో నాలుగు కెమెరాల పెట్టె ముందు వచ్చేస్తుంది, అవి గోడలకు ఎక్కిన తరువాత రికార్డింగ్ సంగతి ఆలోచిస్తారు, అప్పుడు గాని ఆ కెమెరా తన కంపెనీ యాప్‌తో తప్ప మరి దేనితోనూ పనిచేయదని తెలియదు. ముందు రికార్డింగ్ ఎలా జరగాలో నిర్ణయించుకుని, దానికి తగిన కెమెరా కొనడమే సరైన వరస.

కెమెరా దొంగను ఆపదు, జరిగినదానికి సాక్ష్యం చెబుతుంది, అంతే. మన ఇళ్లలో బంగారం ఉంటుందన్న సంగతి దొంగలకు బాగా తెలుసు. భారతీయ, ఆసియా కుటుంబాల ఇళ్లనే ఎంచి దోచుకున్న ఒక ముఠా నాయకురాలికి 2019లో మిషిగన్‌లోని ఫెడరల్ కోర్టు 37 ఏళ్ల జైలుశిక్ష వేసింది, ఆ దోపిడీలు జరిగిన రాష్ట్రాల్లో మీ టెక్సస్ కూడా ఉంది. కాబట్టి నగలు బ్యాంకు లాకరులో పెట్టుకోవడం కెమెరాకంటే ముందు చేయవలసిన పని. ఆ తరువాత కెమెరా నుంచి మనం కోరేది ఒక్కటే: ఏదైనా జరిగిన రోజున, ఆ సమయానికి రికార్డయిన వీడియో ఇంట్లో ఉన్న ఏ పెద్దవారైనా పది నిమిషాల్లో వెతికి, ఫైలుగా తీసి, పోలీసు చేతిలో పెట్టగలగాలి. సాఫ్ట్‌వేర్‌ను ఈ కొలతతోనే కొలవమని నా సలహా. మీరు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి కావడం ఇక్కడ కొంత ఇబ్బందికరమే, ఎందుకంటే మనలాంటివారికి ఎక్కువ మార్పులు చేసుకోగలిగినదే మంచిదనిపిస్తుంది. కాని మీరు ఆఫీసు పనిమీద వేరే ఊళ్లో ఉన్న రాత్రి దాన్ని వాడవలసింది మీ భార్య.

రికార్డింగ్ ఇంట్లోనే ఉండాలన్న మీ ఆలోచన సరైనదే, కారణం చందా డబ్బు ఒక్కటే కాదు. 2023లో అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్, ఇంటి కెమెరాలు అమ్మే రింగ్ కంపెనీ మీద, ఆ సంస్థ ఉద్యోగులు వినియోగదారుల ఇళ్లలోని వీడియోలు చూడగలిగారన్న అభియోగంతో చర్య తీసుకోగా, 58 లక్షల డాలర్లు చెల్లించేందుకు ఆ కంపెనీ ఒప్పుకుంది. 2024 ఫిబ్రవరిలో వైజ్ కెమెరాలు వాడేవారిలో దాదాపు 13,000 మందికి ఇతరుల ఇళ్ల కెమెరా చిత్రాలు తమ యాప్‌లో కనిపించాయి. లెక్క ప్రకారం చూసినా క్లౌడ్‌లో, అంటే ఇంటర్నెట్ ద్వారా కంపెనీ సర్వర్లలో, ఇరవై నాలుగు గంటల రికార్డింగ్ కష్టమే. సెకనుకు 4 మెగాబిట్లు పంపే ఒక్క కెమెరా రోజుకు సుమారు 43 గిగాబైట్లు, నెలకు దాదాపు 1.3 టెరాబైట్లు తయారుచేస్తుంది. నాలుగు కెమెరాలు కలిస్తే ఎంతవుతుందో చూడండి. అందుకే క్లౌడ్ కంపెనీలు ఎక్కువగా కదలిక కనబడినప్పటి ముక్కలు మాత్రమే దాస్తాయి, ఆ ముక్క మొదలయ్యేలోపు మనిషి గుమ్మం దాటిపోయిన సందర్భాలు మీ స్నేహితుల్లో ఎవరినడిగినా చెబుతారు.

కెమెరా కొనేటప్పుడు పెట్టె మీద రెండు మాటలు చూడండి: ఆర్‌టీఎస్‌పీ, ఆన్‌విఫ్. మొదటిది వీడియోను ఇంట్లోని మరో యంత్రానికి పంపే పద్ధతి. రెండోది ఆక్సిస్, బాష్, సోనీ కంపెనీలు 2008లో కలిసి మొదలుపెట్టిన ఉమ్మడి ప్రమాణం, దాని వల్ల ఒక కంపెనీ కెమెరా మరొక కంపెనీ రికార్డరుతో పనిచేస్తుంది. బ్యాటరీతో నడిచే కెమెరాల్లో ఈ రెండూ సాధారణంగా ఉండవు, ఎందుకంటే అవి ఛార్జింగ్ మిగుల్చుకునేందుకు ఎక్కువ సేపు నిద్రలోనే ఉంటాయి. వైఫై కంటే ఈథర్నెట్ తీగ మీదే కరెంటు కూడా అందుకునే పీఓఈ కెమెరాలు ఎంతో మేలు. తీగ పొడవు 100 మీటర్ల వరకు పోవచ్చు కాబట్టి మామూలు ఇంటికి సరిపోతుంది. అటకలోంచి తీగ లాగించడానికి ఎలక్ట్రీషియన్‌కు ఇచ్చే డబ్బు ఒక్కసారి ఖర్చు, అక్కడ పొదుపు చేయకండి.

ఇక సాఫ్ట్‌వేర్ సంగతి. అందరికీ అందుబాటులో ఉన్నది ఎన్‌వీఆర్ పెట్టె, అంటే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ లోపలే ఉండి, హార్డ్ డిస్క్ పెట్టుకుని, కెమెరా తీగలు వెనకాల గుచ్చుకునే యంత్రం. రియోలింక్ వంటి కంపెనీల పెట్టెలు పెట్టుకున్న తరువాత వాటి జోలికి పెద్దగా పోనక్కరలేదు. టీవీకి తగిలించి మౌసుతో వెనక్కి జరుపుకుంటూ చూడవచ్చు, ఫోనులో యాప్ ఉంటుంది. మనిషిని, కుక్కను, కారును వేరుచేసి గుర్తించే తెలివి మాత్రం కెమెరాను బట్టి, కంపెనీని బట్టి ఉంటుంది. యుబిక్విటీ కంపెనీ సాఫ్ట్‌వేర్ యూనిఫై ప్రొటెక్ట్ కూడా చందా లేనిదే, చూడడానికి అన్నిటికంటే అందంగా ఉంటుంది, కాని అది ఆ కంపెనీ యంత్రం మీదే నడుస్తుంది. ఇతర కంపెనీల ఆన్‌విఫ్ కెమెరాలను 2024 నుంచి అనుమతిస్తున్నారు. ఇంట్లో ఫైళ్లు దాచుకునే సైనాలజీ కంపెనీ పెట్టె ఇప్పటికే ఉన్నవారికి సర్వైలెన్స్ స్టేషన్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ దొరుకుతుంది, అందులో సాధారణంగా రెండు కెమెరాల వరకే ఉచితం, ఆపైన ప్రతి కెమెరాకు లైసెన్సు కొనాలి.

కంప్యూటరు మీద నడిపేవాటిలో బ్లూ ఐరిస్ చాలాకాలంగా పేరున్నది. విండోస్ మీద మాత్రమే నడుస్తుంది, చందా లేదు, 64 కెమెరాల దాకా పెట్టుకోవచ్చు. దానిలో లేని సౌకర్యం లేదంటే అతిశయోక్తి కాదు, ఆ సౌకర్యాలన్నీ ఒకే తెరమీద కిక్కిరిసి ఉండడమే కొత్తవారికి భయం కలిగిస్తుంది. మరొక సంగతి, అది మామూలుగా వీడియోను బీవీఆర్ అనే తన సొంత రూపంలో దాస్తుంది, పోలీసులకు ఇవ్వాలంటే ఎంపీ4గా మార్చి తీయాలి. విండోస్ అర్ధరాత్రి అప్‌డేట్ చేసుకుని మళ్లీ మొదలైనప్పుడు రికార్డింగ్ దానంతట అదే మొదలయ్యేట్టు, దాన్ని విండోస్ సర్వీసుగా, అంటే ఎవరూ లాగిన్ కాకున్నా వెనకాల నడిచేట్టు, నడపాలన్నది మరచిపోకూడదు.

ఫ్రిగేట్ ఉచితం, దాని సోర్సు అందరికీ తెరిచి ఉంటుంది, లినక్స్ మీద డాకర్‌లో (ప్రోగ్రాములను విడిగా ఒక డబ్బాలో పెట్టినట్టు నడిపే పద్ధతి) నడుస్తుంది, ఇంటి స్మార్ట్ పరికరాలను నడిపే హోమ్ అసిస్టెంట్ సాఫ్ట్‌వేర్‌తో చక్కగా కలుస్తుంది. చెట్టు నీడ కదిలినా, కారు లైటు గోడమీద పడినా ఊరుకుని, మనిషి వస్తేనే ఫోను మోగించడం దీని ప్రత్యేకత. ఆ గుర్తింపు అంతా మీ ఇంట్లోని యంత్రమే చేస్తుంది, బొమ్మ ఒక్కటీ బయటికి పోదు. దీనికి ఒకప్పుడు ఆ గుర్తింపు పనిని వేగంగా చేసే గూగుల్ కోరల్ అనే చిన్న పరికరం వెతికి కొనేవారు, ఇప్పుడు ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్ ఉన్న చిన్న కంప్యూటరుతోనే నాలుగు కెమెరాలకు పని జరుగుతుంది. 2002 నుంచి ఉన్న జోన్‌మైండర్ కూడా ఉచితమే, కాని ఇవాళ కొత్తగా మొదలుపెట్టేవారికి నేను చెప్పను.

ఫ్రిగేట్ వాడితే ఒక చిన్న వివరం గుర్తుంచుకోండి. వీడియోలను అది తేదీ, గంట పేరున్న ఫోల్డర్లలో చిన్న చిన్న ముక్కలుగా పెడుతుంది, ఆ తేదీలు, గంటలు మాత్రం మన ఊరి సమయంలో కాక అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో (యూటీసీ) ఉంటాయి. శీతాకాలంలో మీ ఊళ్లో సోమవారం రాత్రి పది గంటలకు జరిగినది మంగళవారం ఫోల్డరులో 04 అన్న గంట కింద కనిపిస్తుంది. బ్రౌజరులో చూసేటప్పుడు మన సమయమే చూపిస్తుంది కాబట్టి చిక్కు లేదు, కాని కంగారులో ఫోల్డరు తెరిచి వెతికే మనిషికి వీడియో పోయిందనే అనిపిస్తుంది.

మీ ఇంటికి నా సలహా ఇది. ఆర్‌టీఎస్‌పీ, ఆన్‌విఫ్ ఉన్న పీఓఈ కెమెరాలు నాలుగు, వాటికి సరిపడే ఎన్‌వీఆర్ పెట్టె ఒకటి కొనండి. ఇరవై నాలుగు గంటల రికార్డింగ్ ఆ పెట్టెకు అప్పగించండి. కొన్ని నెలలు గడిచాక, మీకు సరదా ఉంటే, ఒక చిన్న కంప్యూటరు మీద ఫ్రిగేట్ పెట్టి అవే కెమెరాల నుంచి రెండో వీడియో ధార తీసుకుని, ఫోనుకు హెచ్చరికలు పంపే పని మాత్రం దానికివ్వండి. మీరు అప్‌డేట్ చేయబోయి ఫ్రిగేట్‌ను ఒక శనివారం పాడుచేసినా అసలు రికార్డింగ్ ఆగదు. మొదటి రోజునుంచే ఇల్లంతా ఫ్రిగేట్ మీద ఆధారపడడం, దాన్ని సరిచేయగలవారు ఇంట్లో ఒక్కరే ఉన్నప్పుడు, నాకు నచ్చదు.

ఏది పెట్టుకున్నా వారం తిరిగాక ఒక పరీక్ష పెట్టండి. భోజనాల దగ్గర కూర్చున్నప్పుడు, చెత్త బండి మొన్న పొద్దున ఎన్ని గంటలకు వచ్చిందో చూసి, ఆ అరనిమిషం వీడియో తన ఫోనులోకి తీయమని మీ భార్యను అడగండి, మీరు మాత్రం సాయం చేయకండి. ఆవిడ ఎక్కడ ఆగిపోతే అక్కడ ఆ సాఫ్ట్‌వేర్ లోపం ఉంది. దాన్ని మార్చుకోవడమో, ఒక కాగితం మీద నాలుగు వాక్యాల్లో పద్ధతి రాసి పెట్టె మీద అంటించడమో చేయాలి.

నిల్వ లెక్క ఇందాకటిదే. నాలుగు కెమెరాలు 4 మెగాబిట్ల చొప్పున రోజుకు సుమారు 173 గిగాబైట్లు రాస్తాయి కాబట్టి 4 టెరాబైట్ల డిస్క్ ఇరవై మూడు రోజులు నిలుస్తుంది, ఆపైన పాతదాని మీద కొత్తది రాస్తుంది. వీడియోను మరింత కుదించే హెచ్.265 పద్ధతి వాడితే దాదాపు రెట్టింపు రోజులు వస్తాయి. ఇండియా ప్రయాణం నాలుగైదు వారాలైతే తిరిగి వచ్చేదాకా నిలిచే డిస్క్ కొనడం మంచిది. డబ్ల్యూడీ పర్పుల్, సీగేట్ స్కైహాక్ వంటివి ఎడతెగని రాతకోసమే చేసినవి. మామూలు డెస్క్‌టాప్ కంప్యూటరు 80 వాట్లు తింటే ఏడాదికి 700 యూనిట్లు అవుతుంది, చిన్న కంప్యూటరు 15 వాట్లకు 130 యూనిట్లతో సరిపెట్టుకుంటుంది. పాత డెస్క్‌టాప్ ఊరికే పడి ఉందని వాడేవారు ఈ ఖర్చు కూడా చూసుకోవాలి.

హెచ్చరికల విషయంలో సాఫ్ట్‌వేర్‌ను తిట్టేముందు కెమెరా ముఖం ఒకసారి చూడండి. చీకట్లో కనబడేందుకు కెమెరాలో ఉండే పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) దీపం దగ్గరికి రాత్రివేళ పురుగులు చేరతాయి, వాటి కోసం సాలీడు అక్కడే గూడు కడుతుంది. ఆ దారం ఒక్కటి గాలికి ఊగితే తెరమీద తెల్లటి తాడు లాగా మెరుస్తూ రాత్రంతా కదలిక నమోదవుతుంది. పొడవాటి కర్రకు మెత్తటి బ్రష్ కట్టి పదిహేను రోజులకోసారి తుడిస్తే తీరిపోయే సమస్యకు సెట్టింగులు మార్చి మార్చి, చివరికి మనిషి వచ్చినా మోగని స్థితికి తెచ్చుకున్నవారు ఉన్నారు.

భద్రత గురించి గట్టిగా చెబుతాను. 2016 అక్టోబరు 21న అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లు కొన్ని గంటలపాటు అందకుండా చేసిన మిరాయ్ అనే హానికర ప్రోగ్రాం దాడికి సైన్యం, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని ఇళ్లలోని కెమెరాలు, రికార్డర్లే. పాస్‌వర్డ్ మొదటి రోజే మార్చండి, రౌటరులో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటినుంచి నేరుగా ఇంటి యంత్రాన్ని చేరేలా దారి తెరవడం) పెట్టకండి, అలాంటి దారులను దానంతట అదే తెరిచే యూపీఎన్‌పీ ఆపేయండి, కెమెరాలకు ఇంటర్నెట్ దారి మూసేయండి. హైదరాబాదులోనో విజయవాడలోనో ఉండి డాలస్ ఇల్లు చూసుకోవాలంటే వైర్‌గార్డ్ గాని, ఇంకా సులువుగా టెయిల్‌స్కేల్ గాని పెట్టుకుంటే సొంత వీపీఎన్ (ఇతరులు చూడలేని ప్రైవేటు దారి) ద్వారా లోపలికి వెళ్లవచ్చు. ఊళ్లో అమ్మానాన్నల ఇంటి కెమెరాలు ఇక్కడినుంచి చూడాలనుకునేవారికీ ఇదే దారి, ఎందుకంటే జియో ఫైబరు వంటి కనెక్షన్లు చాలా ఇళ్లకు కలిపి ఒకే ఐపీ చిరునామా వాడతాయి, పోర్ట్ ఫార్వర్డింగ్ అక్కడ ఎలాగూ పనిచేయదు. హైక్‌విజన్, దహువా కంపెనీల కొత్త నమూనాలకు అనుమతులివ్వడం అమెరికా కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2022 నవంబరులో ఆపేసిందన్న సంగతి కూడా కొనేముందు తెలిసి ఉండాలి.

చట్టం మాట: టెక్సస్‌లో 2021నాటి చట్టం ప్రకారం మీ స్థలంలో మీరు కెమెరా పెట్టుకోవడాన్ని నిషేధించే అధికారం హోమ్‌ఓనర్స్ అసోసియేషన్‌కు (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) లేదు. శబ్దం రికార్డు చేయడం మాత్రం వేరే సంగతి. కాలిఫోర్నియా, వాషింగ్టన్ వంటి రాష్ట్రాల్లో ఆంతరంగిక సంభాషణను రికార్డు చేయాలంటే మాట్లాడేవారందరి అంగీకారం కావాలి. టెక్సస్‌లో సంభాషణలో ఉన్న ఒక్కరి అంగీకారం చాలు, కాని మీరు లేని సంభాషణకు ఆ ఒక్కరు మీరు కాలేరు. పక్కింటివారి పెరటి వైపున్న కెమెరాకు మైకు ఆపేసి, వారి కిటికీలు కనబడే భాగాన్ని సాఫ్ట్‌వేర్‌లోనే నల్లగా కప్పేయండి. ఈ రెండూ చేశామని పక్కింటివారికి ఒక మాట చెప్పిరావడం కూడా అవసరమే.

ఎన్‌వీఆర్ పెట్టెను టీవీ కింద పెట్టకండి, దొంగకు మొదట కనబడేది అదే. లోపలి అల్మారాలో, గాలి ఆడేచోట, రౌటరుతో కలిపి చిన్న యూపీఎస్ మీద పెట్టండి. పెట్టె సమయం ఇంటర్నెట్ గడియారంతో కలిసేట్టు చేసి, మార్చిలోను నవంబరులోను గడియారాలు మారిన మర్నాడు ఒకసారి సరిచూసుకోండి. వీడియో మీద గంట తేడా ఉంటే దర్యాప్తు అధికారికి అది మొదటి అనుమానం అవుతుంది. నిజంగా ఏదైనా జరిగితే, ఆ రోజే నాలుగు కెమెరాలలోను అటు గంట, ఇటు గంట కలిపి వీడియో తీసి, రెండు యూఎస్‌బీల మీదికి ఎక్కించి, ఒకటి పోలీసులకిచ్చి, రెండోది ఇన్సూరెన్స్ క్లెయిము ముగిసేదాకా దగ్గర పెట్టుకోండి.