చక్కెర లేని కాఫీకీ షుగర్ పెరుగుతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది భీమవరం పక్కన పల్లెటూరు. రొయ్యల చెరువులు చేస్తున్నాను, వయసు 52. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్నాను. రాత్రి కరెంటు పోయి చెరువు నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్లు ఆగితే రొయ్య మిగలదు, అందుకని గట్టు మీదే కాపలా, నిద్ర రాకుండా తెల్లారేలోపు నాలుగైదు కాఫీలు. పంచదార ఎప్పుడో మానేశాను. అయినా టిఫిన్ తిన్న రెండు గంటలకి చూస్తే 220 దాటుతోంది. మా బావమరిదేమో కాఫీ తాగేవాళ్లకి షుగరే రాదంటాడు. నిజమేనా?

జవాబు: మీ బావమరిది చెప్పింది పూర్తిగా అబద్ధం కాదండీ, కాకపోతే అది షుగర్ ఇంకా రానివాళ్ల సంగతి. వేలమందిని ఏళ్ల తరబడి గమనిస్తే కాఫీ అలవాటున్నవాళ్లలో టైప్ 2 డయాబెటిస్ కొంత తక్కువగా కనిపించింది. కెఫీన్ తీసేసిన కాఫీ తాగేవాళ్లలోనూ అలాగే కనిపించింది కాబట్టి ఆ మేలు, నిజంగా ఉంటే, కెఫీన్‌ది కాకపోవచ్చు.

వచ్చేసినవాళ్ల లెక్క వేరు. అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీ వాళ్లు 2008లో, రోజూ కాఫీ తాగే పదిమంది షుగర్ పేషెంట్లకి ఒంటికి మీటర్ తగిలించి, పాలూ పంచదారా ఏమీ లేకుండా ఒట్టి కెఫీన్ మాత్రలు రోజుకి 500 మిల్లీగ్రాములు ఇచ్చి చూశారు. పగటిపూట సగటు షుగర్ 8 శాతం పెరిగింది, రాత్రి భోజనం తర్వాతైతే 26 శాతం. పదిమందే కదా అనొచ్చు, నిజమే, చిన్న అధ్యయనమే. కానీ కారణం అర్థం కానిదేం కాదు. కెఫీన్ వల్ల అడ్రినలిన్ పెరుగుతుంది, దాంతో లివర్ దాచుకున్న గ్లూకోజ్‌ని రక్తంలోకి వదులుతుంది, ఇన్సులిన్ పని మందగిస్తుంది. ఆ సమయానికే మీరు దిబ్బరొట్టె తిన్నారనుకోండి, ఇక చెప్పేదేముంది.

మీ విషయంలో నాకు తట్టిన అసలు సంగతి టైము. ఒంట్లో చేరిన కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. తెల్లవారుజామున మూడింటికి తాగిన కాఫీ ఎనిమిదింటికి టిఫిన్ దగ్గర కూర్చునేసరికి ఇంకా సగం మీ రక్తంలోనే ఉంటుంది, పైగా రాత్రంతా నిద్ర లేకపోవడం కూడా షుగర్‌ని పెంచేదే, కరెంటు టెన్షన్ సరేసరి.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం 150 మి.లీ. ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65 మిల్లీగ్రాముల కెఫీన్, డికాక్షన్ కాఫీలో 80 నుంచి 120, టీలో 30 నుంచి 65 ఉంటుంది. రోజుకి 300 దాటొద్దంటారు. మీది డికాక్షన్ కాఫీ అయితే దాటిపోయినట్టే. పాలల్లోనూ చక్కెర ఉంటుంది, 100 మి.లీ.కి 5 గ్రాముల దాకా. పంచదార మానేశామన్న ధీమాలో దీన్ని ఎవరూ లెక్కెయ్యరు.

అందరికీ ఒకేలా పెరగదు, కొందరికి అసలు తేడాయే ఉండదు. అందుకని మీరే చూసుకోండి. రోజూ ఒకటే టిఫిన్, ఒకటే కొలత. కొన్నాళ్లు అర్ధరాత్రి దాటాక కాఫీ లేకుండా, కొన్నాళ్లు ఎప్పటిలా, తినే ముందూ తిన్న రెండు గంటలకీ మీటర్‌తో చూసి రాసుకోండి. చేతులు కడుక్కుని, తుడుచుకుని మరీ గుచ్చుకోండి. కాపలా లేని రాత్రిని కాపలా రాత్రితో పోల్చకండి, నిద్ర తేడా కలిసిపోతుంది. కాఫీ ఒక్కసారిగా మానితే రెండు మూడు రోజులు తలనొప్పి వస్తుంది, మెల్లగా తగ్గించండి. కాపలాకి ఇంట్లోవాళ్లతో వంతులేసుకోగలిగితే ఇంకా మంచిది. 220 మాత్రం ఎక్కువే, నెపమంతా కాఫీ మీద తోసెయ్యకుండా రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బిఎ1సి రక్తపరీక్ష చేయించి మీ డాక్టర్‌కి చూపించండి, మాత్ర డోసు సొంతంగా మార్చొద్దు.

ప్రశ్న: పరగడుపు రక్తపరీక్షకి వెళ్లేముందు పాలూ చక్కెరా లేని కాఫీ తాగొచ్చా? (ఒక పాఠకురాలు, అమలాపురం)

జవాబు: వద్దమ్మా. ఎనిమిది గంటల పాటు మంచినీళ్లు తప్ప ఏమీ వద్దు. రక్తం ఇచ్చాక అక్కడే తాగెయ్యకండి, తిన్నాక రెండు గంటల పరీక్ష కూడా ఉంటే అది అయ్యేదాకా ఆగండి.