పాత 2 గిగాబిట్ స్టోరేజ్ బాక్సుకి 16 గిగాబిట్ ఫైబర్ ఛానెల్ కార్డు కొనొచ్చా?

ఆఫీసులో తీసేసిన 2 గిగాబిట్ ఫైబర్ ఛానెల్ (సర్వర్‌ని డిస్కుల బాక్సుకి కలిపే కనెక్షన్, గిగాబిట్ అనేది సెకనుకి దాని వేగం) స్టోరేజ్ బాక్సు మీకు దొరికింది, దాన్ని సర్వర్‌కి తగిలించడానికి 16 గిగాబిట్ కార్డు తీసుకుంటే ముందుముందు కూడా పనికొస్తుంది కదా అని అడిగారు. కొనకండి. సరిగ్గా ఆ పనే చేసి నేను రెండు రోజులు, కొంత డబ్బు పోగొట్టుకున్నాను.

ఫైబర్ ఛానెల్‌లో కార్డు తన కింద రెండు తరాల వరకే వేగం తగ్గించుకుంటుంది. 16 కార్డు 8తో, 4తో కలుస్తుంది, 2తో కలవదు. 8 కార్డు 4కీ 2కీ దిగుతుంది. నాకు అప్పట్లో ఇది తెలియదు. విశాఖపట్నం ద్వారకానగర్‌లో ఒక సెకండ్‌హ్యాండ్ షాపులో 16 కార్డు చూసి ఎక్కువ స్పీడుంటే మంచిదేగా అని తెచ్చేశాను, ఎంవీపీ కాలనీలో మా ఇంట్లో బిగించాను, పోర్టు దగ్గర లైటు మెరుస్తూనే ఉంది తప్ప నిలబడి వెలగదు. కేబుల్ మార్చాను, ఎస్‌ఎఫ్‌పీ (పోర్టులో దూర్చి ఫైబర్ కేబుల్ తగిలించే చిన్న ముక్క) మార్చాను, స్లాట్ మార్చాను. చివరికి గాజువాకలో ఉండే ఫ్రెండు తన దగ్గరున్న క్యూఎల్ఈ2562 అనే కార్డు ఇచ్చాడు. పెట్టి ఆన్ చేశానో లేదో లింక్ వచ్చేసింది, డిస్కులన్నీ కనిపించాయి.

అది క్యూలాజిక్ వాళ్ల 8 గిగాబిట్, రెండు పోర్టుల కార్డు. ఎమ్యులెక్స్ కంపెనీది అయితే ఎల్‌పీఈ12002 అలాంటిదే. 4 గిగాబిట్‌ది క్యూఎల్ఈ2462 చవగ్గా దొరికితే అదీ చాలు, ఎందుకంటే మీ బాక్సు ఒక్కో పోర్టు నుంచి సెకనుకి 200 మెగాబైట్లకు మించి ఇవ్వలేదు, కార్డు ఎంత పెద్దదైనా అంతే. ఎస్‌ఎఫ్‌పీకీ ఇదే లెక్క, 16 ఎస్‌ఎఫ్‌పీ 2కి దిగదు.

కొనేముందు కార్డు అంచు చూడండి. క్యూఎల్ఏ2340 లాంటి పాత 2 గిగాబిట్ కార్డులు పీసీఐ-ఎక్స్‌వి, ఈ మధ్య సర్వర్లలో ఉండే పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్‌లో అస్సలు దూరవు, కానీ షాపులో రెండింటినీ పీసీఐ అనే అంటారు. సన్న సర్వర్ అయితే పొట్టి బ్రాకెట్ (కార్డు చివర బిగించే రేకు) కూడా అడిగి తీసుకోండి.

మనది సముద్రపు ఊరు కాబట్టి ఇంకో మాట. నాకు వచ్చిన 2562 బంగారు రంగు అంచు మసకబారి అక్కడక్కడా ఆకుపచ్చగా ఉంది, ఉప్పు గాలి పని అది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెత్తటి గుడ్డ తడిపి నెమ్మదిగా తుడిచి, బాగా ఆరాకే పెట్టాను. ఫైబర్ కొనల మూతలు మాత్రం చివరి నిమిషం దాకా తీయకండి, ఒక్క దుమ్ము రేణువు చాలు. వెలిగి ఉన్న కొనలోకి కళ్లు పెట్టి చూడొద్దు, దయచేసి.

మధ్యలో స్విచ్ లేకుండా నేరుగా కలుపుతుంటే, సర్వర్ బూట్ అయ్యేటప్పుడు కంట్రోల్, క్యూ కలిపి నొక్కి క్యూలాజిక్ మెనూలోకి వెళ్లి కనెక్షన్ ఆప్షన్‌లో లూప్ (స్విచ్ లేకుండా పరికరాలు నేరుగా కలిసే పద్ధతి) ముందు ప్రయత్నించేలా పెట్టండి. డెబియన్ లినక్స్‌లో కార్డు కనిపించినా పనిచేయకపోతే ఫర్మ్‌వేర్ (కార్డులోకి ఎక్కే సాఫ్ట్‌వేర్) లేనట్టే, నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ విభాగంలో (డెబియన్ 11 వరకు నాన్-ఫ్రీలో) ఉండే ఫర్మ్‌వేర్-క్యూలాజిక్ ప్యాకేజీ వేయండి. 2020లో వచ్చిన ఈఎస్ఎక్స్ఐ 7 (ఒకే సర్వర్‌లో చాలా వర్చువల్ మెషీన్లు నడిపే వీఎంవేర్ సాఫ్ట్‌వేర్) పాత లినక్స్ తరహా డ్రైవర్లను తీసేసింది, అందుకే పాత కార్డులకి నేను లినక్సే వాడతాను.

బాక్సు వెనకాల పోర్టుల్లో ఉన్న ఎస్‌ఎఫ్‌పీ మీద నంబరు ఫొటో తీసి పెట్టండి, ఏ కేబుల్ కావాలో చూసి చెప్తాను.