"తగ్గిపోయిందిగా, ఇంకేంటి?" అంటున్నారు

ప్రశ్న: నాకు 46 ఏళ్లు, స్కూల్ టీచర్‌ని. ఎడమ రొమ్ముకి క్యాన్సర్ వస్తే ఆపరేషన్ చేసి చంకలో లింఫ్ గ్రంథులు కూడా తీసేశారు. కీమో, రేడియేషన్ పూర్తయి ఏడాది దాటింది, ఇప్పుడు జబ్బు తిరగబెట్టకుండా ఇచ్చే టామోక్సిఫెన్ అనే హార్మోను చికిత్స మాత్ర రోజూ వేసుకుంటున్నాను. రిపోర్టులు బాగానే ఉన్నాయి. కానీ ఈమధ్య ఎడమ చేతికి గాజులు ఎక్కడం లేదు, జాకెట్టు చెయ్యి బిగుసుకుపోతోంది. మధ్యాహ్నానికల్లా నీరసంతో కూలబడిపోతాను. రోజూ చూసే పిల్లల పేర్లు కూడా గుర్తు రావు. రాత్రిళ్లు ఉన్నట్టుండి ఒళ్లంతా ఆవిర్లు, చెమటలు. చెకప్ తేదీ దగ్గరపడితే టెన్షన్‌తో నిద్ర ఉండదు. ఇంట్లో చెబితే "తగ్గిపోయిందిగా, ఇంకేంటి?" అంటారు. బయట అంతమంది వెయిట్ చేస్తుంటే డాక్టరుగారికి ఇవన్నీ చెప్పడానికి మొహమాటం. నేనే ఎక్కువ ఆలోచిస్తున్నానా?
- ఓ పాఠకురాలు, ఖమ్మం జిల్లా

జవాబు: లేదమ్మా, మీరు ఎక్కువ ఆలోచించడం లేదు. రాసిన ప్రతి బాధా చికిత్స తర్వాత చాలామందికి వచ్చేదే, చాలావాటికి ఏదో ఒక దారి ఉంది. అడిగేవాళ్లు లేక, చెప్పుకోలేక లోపలే దాచుకుంటున్నారు. 2006లోనే అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్, క్యాన్సర్ చికిత్స ముగిసిన ప్రతి ఒక్కరికీ ఏం చికిత్స జరిగిందో, ఇకముందు ఏమేం చూసుకోవాలో కాగితం మీద రాసివ్వాలని సిఫారసు చేసింది. మన దగ్గర చాలామంది చేతికి డిశ్చార్జ్ సమ్మరీ, మందుల చీటీ తప్ప ఇంకేమీ రావు. మీరు అడిగి రాయించుకోండి.

ముందు చేయి సంగతి. గ్రంథులు తీసేసిన చోట లింఫ్ ద్రవం సరిగా పారక చేయి వాస్తుంది, దీన్ని లింఫెడీమా అంటారు. ఆపరేషన్ అయిన కొన్నేళ్లకు కూడా మొదలవచ్చు. అయితే కొత్తగా వచ్చిన వాపుని మనమే అదీ ఇదీ అనుకోకూడదు, రక్తం గడ్డకట్టడం గానీ జబ్బు తిరగబెట్టడం గానీ కాదని డాక్టరు చూసి తేల్చాలి. లింఫెడీమా అయితే ఆ పని తెలిసిన ఫిజియోథెరపిస్టు దగ్గర మసాజ్, వ్యాయామాలు నేర్చుకోవచ్చు, కొలత తీసి ఇచ్చే బిగుతు స్లీవ్ వేసుకోవచ్చు (మెడికల్ షాపులో అందాజాగా కొనకండి). ఆ చేత్తో అసలు పనే చేయొద్దని భయపెడతారు, అదీ సరి కాదు, వ్యాయామం మెల్లగా పెంచుకుంటూ పోతే మంచిదే. కత్తిపీట గాటుకో పిన్ను గుచ్చుకున్నందుకో చేయి ఎర్రబడి వేడెక్కి జ్వరం వచ్చిందంటే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి, యాంటీబయాటిక్స్ పడాలి.

నీరసానికి "రెస్ట్ తీసుకో" అనే సలహా ఇస్తారు కదా, క్యాన్సర్ చికిత్స తర్వాత వచ్చే నీరసం రెస్ట్‌తో పోయేది కాదు. హిమోగ్లోబిన్, థైరాయిడ్, బి12 చూపించుకోండి, దిగులు ఉంటే అదీ చెప్పండి, ఆ తర్వాత రోజూ కాసేపు నడవండి, దీనికి ఎక్కువగా పనికొచ్చేది వ్యాయామమే. మతిమరుపు కీమో తర్వాత చాలామంది చెప్పేదే, నిద్ర పట్టకపోతే ఇంకా పెరుగుతుంది. ఆవిర్లు టామోక్సిఫెన్ వల్ల రావచ్చు, వాటికి మందులున్నాయి. కానీ పారోక్సెటిన్, ఫ్లూఓక్సెటిన్ లాంటి దిగులు మందులు టామోక్సిఫెన్ పనిని తగ్గించగలవు కాబట్టి ఏ డాక్టరు ఏ మాత్ర రాసినా ముందు టామోక్సిఫెన్ వాడుతున్నానని చెప్పండి, టామోక్సిఫెన్‌ని మీ అంతట మీరు ఆపకండి. ఈ మాత్ర వాడేటప్పుడు నెలసరి కాని రక్తస్రావం కనిపించినా, కాలు వాచినా వెంటనే చెప్పాలి.

మళ్లీ వస్తుందేమోనన్న భయం లేనివాళ్లు తక్కువ. ఆ భయంతోనే కొందరు ఏ లక్షణమూ లేకపోయినా ఒళ్లంతా చూసే పెట్ స్కాన్లు, ట్యూమర్ మార్కర్లు (క్యాన్సర్ ఆనవాళ్ల కోసం చేసే రక్తపరీక్షలు) చేయిస్తూ డబ్బు పోగొట్టుకుంటారు, లక్షణాలు లేనప్పుడు అవి మామూలుగా అక్కర్లేదు. మొదటి మూడేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి డాక్టరు చేత పరీక్ష, ఏడాదికోసారి మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే), ఇదీ మామూలు పద్ధతి. భయం నిద్రనే మింగేస్తుంటే కౌన్సెలర్‌ని కలవండి, కొన్ని క్యాన్సర్ ఆసుపత్రుల్లో దీనికోసం ప్రత్యేకంగా మనస్తత్వ నిపుణులు ఉంటారు.

మొహమాటానికి ఒకటే ఉపాయం, అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేవి ఓ మూడు కాగితం మీద రాసి కూర్చోగానే డాక్టరు చేతిలో పెట్టండి. భార్యాభర్తలు కలిసినప్పుడు నొప్పి, పొడిబారడం లాంటి ఇబ్బంది ఉంటే అదీ రాయండి, హార్మోను లేని క్రీములు ఉన్నాయి. మీవారిని బయట కుర్చీలో కూర్చోబెట్టకుండా లోపలికి తీసుకెళ్లండి, ఇవి ఊహలు కాదని డాక్టరు నోట వింటే ఇంట్లో ఆ "ఇంకేంటి" ఆగుతుంది. నిజం చెప్పాలంటే ఆ మాట వింటేనే నాకు కోపం వస్తుంది, అనేవాళ్లు ప్రేమతోనే అన్నా సరే, ఎందుకంటే ఆ మాట తర్వాత మనిషి ఇంకేమీ చెప్పదు.

మిగతావి వచ్చే చెకప్‌లో అడగొచ్చు గానీ చేతి వాపు సంగతి మాత్రం అప్పటిదాకా వాయిదా వేయకండి, ఈ వారమే చూపించండి.