వెనుక పలక కొలిచాకే ఇంజన్ కొను

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

కొత్త ఫైబర్ పడవకు అవుట్‌బోర్డ్ ఇంజన్ (పడవ వెనుక బయట తగిలించేది) కొంటున్నావనీ, గోదావరి పాయ వశిష్ఠలో ఇసుక మేటలు ఎక్కువ కనుక షార్ట్ షాఫ్టు, అంటే ఇంజన్ నుంచి ప్రొపెల్లర్ వైపు దిగే కాలు పొట్టిగా ఉన్నది, తీసుకోవాలనుకుంటున్నావనీ రాశావు. ఆ ఆలోచన మానుకో. షాఫ్టు పొడవును నిర్ణయించేది ఏటి లోతు కాదు, నీ పడవ వెనుక పలక ఎత్తు.

ఇంజన్ తగిలించే చోట, పలక పైఅంచు నడుమ నుంచి పడవ అడుగు వరకు టేపు పెట్టి కొలువు. ఆ ఎత్తు సుమారు 15 అంగుళాలుంటే షార్ట్, 20 ఉంటే లాంగ్, 25 ఉంటే ఎక్స్‌ట్రా లాంగ్ షాఫ్టు సరిపోతుంది. ఇంజన్ కొలతను బిగింపు పట్టీ పలక మీద కూర్చునే చోటు నుంచి, ప్రొపెల్లర్‌కు పైన రెక్కలా అడ్డంగా ఉండే రేకు వరకు తీసుకుంటారు. చాలామంది ప్రొపెల్లర్ దాకా కొలిచి పొరబడతారు. ఇంజన్ బిగించాక ఆ రెక్క పడవ అడుగుకు సమంగానో, ఒక అంగుళం కిందుగానో ఉండాలి. కొలత 17, 18 అంగుళాలు వస్తే లాంగ్ తీసుకొని, పలకపై గట్టి చెక్క వేయించి ఎత్తు సరిచేసుకోవచ్చు.

షాఫ్టు పొట్టిదైతే ఏమవుతుందో అంతర్వేది దగ్గర మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దాటేటప్పుడు తెలుస్తుంది. కెరటం మీద పడవ వెనుక భాగం లేచినప్పుడు ప్రొపెల్లర్ గాలిని లాగుతుంది, ఇంజన్ ఒక్కసారిగా రొద పెడుతుంది, పడవ మాత్రం ముందుకు కదలదు. పడవకు బలం అత్యవసరమైన చోటే అది అందకుండా పోతుంది. చల్లబరిచే నీటిని పీల్చే రంధ్రాలు కూడా కిందనే ఉంటాయి కనుక, అవి తరచూ గాలిలోకి తేలితే ఇంజన్ వేడెక్కి పాడవుతుంది. అవసరానికి మించి పొడవైతే నీటి ఒరిపిడి పెరిగి, వేగం తగ్గి, ఇంధనం వృథా అవుతుంది.

ఇక మేటల సంగతి. పాటు సమయంలో, అంటే సముద్రపు నీరు వెనక్కు తీసినప్పుడు, లోతు తగ్గిన చోట వేగం తగ్గించి, ఇంజన్‌ను కొంత పైకి వంచి, నీరు పీల్చే రంధ్రాలు మునిగి ఉండేలా చూసుకుంటూ నెమ్మదిగా నడుపు. ముందుకు పోయేటప్పుడు వంపు తాళం బిగించి ఉంచకు. అది వదులుగా ఉంటే, నేల తగిలినప్పుడు ఇంజన్ దానంతటదే పైకి లేస్తుంది. మరీ లోతు లేకపోతే ఇంజన్ ఆపి గెడ వెయ్యి.

బిగించిన తరువాత ఒకసారి ఖాళీగా, ఒకసారి వలలు, ఐసు, మనుషుల బరువుతో నడిపి చూడు. ముందుగా నీ పలక కొలత రాసి పంపు. నేను చూసి చెప్పేదాకా షాపువారికి బయానా ఇవ్వవద్దు.