నొప్పి లేకపోయినా నోరు తెరిపించి చూడాలి

"మా అమ్మకు 46వ ఏట రొమ్ము క్యాన్సర్ వచ్చింది. నాకు 33 ఏళ్లు, ఏ బాధా లేదు. ఇప్పటినుంచే పరీక్షలు చేయించుకోవాలా, లేక ఇదంతా భయపెట్టి డబ్బు గుంజే వ్యవహారమా?" అని అడిగారు. చేయించుకోవాలి. ఈ విషయంలో నాకు రెండో మాట లేదు.

ముందు మీ సంగతి చెప్పేస్తాను. తల్లికో అక్కచెల్లెళ్లకో చిన్న వయసులో రొమ్ము క్యాన్సర్ వస్తే, వాళ్లకు వచ్చిన వయసుకు పదేళ్ల ముందునుంచే మామోగ్రాం, అంటే రొమ్ముకు తీసే ఎక్స్‌రే, మొదలుపెట్టమని డాక్టర్లు సాధారణంగా చెబుతారు. ఆ లెక్కన మీకు ఇంకా కొంత సమయం ఉంది. కానీ ఆలోగా తేల్చుకోవలసింది జన్యువుల సంగతి. రొమ్ము క్యాన్సర్లలో వంశంలో దిగివచ్చేవి 5 నుంచి 10 శాతమే. అయితే బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 జన్యువుల్లో లోపం ఉందని తేలితే లెక్క పూర్తిగా మారిపోతుంది. అప్పుడు 25 ఏళ్లనుంచే ఏటా ఎంఆర్ఐ, 30 దాటాక దానితోపాటు మామోగ్రాం చేయించుకోవాలంటారు. ఆ లోపం ఉందో లేదో చూసే రక్తపరీక్ష మొదట మీకు కాదు, మీ అమ్మగారికి చేయించండి. ఆవిడలో ఫలానా లోపం ఉందని తెలిస్తే మీలో వెతకవలసింది ఆ ఒక్కదాన్నే. అది మీకు సంక్రమించి ఉండే అవకాశం సగానికి సగం. మీ అన్నదమ్ములకూ అంతే. ఆడవాళ్ల జబ్బు మాకెందుకని మగపిల్లలు తప్పుకుంటారు. రేపు తమ కూతుళ్లకు అది తమ ద్వారానే వెళ్తుందని ఆలోచించరు.

ఇక నేను చెప్పాలనుకున్న విషయానికి వస్తాను. "ప్రమాదం ఉన్నవారు" అనగానే అందరికీ రక్తసంబంధమే గుర్తొస్తుంది. మా ఇంట్లో ప్రమాదం రక్తంలో లేదు, అత్తయ్య కొంగు ముడిలో ఉండేది. చుట్టిన పొగాకు.

మా అత్తవారిది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డు ఊరు. ఆ తీరంలో పెద్ద వయసు ఆడవాళ్లకు అడ్డపొగ అలవాటు ఉంది. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లోకి తిప్పుకుని, పెదాలు బిగించి తాగుతారు. సముద్రపు గాలికి నిప్పు ఆరదు, బూడిద రాలదు, రెండు చేతులూ పనిలో ఉన్నా చుట్ట నోట్లో ఉంటుంది, ఎదురుగా పెద్దవాళ్లు వచ్చినా నిప్పు కనబడదు. ఆ సెగ, పొగ నేరుగా అంగిలికి తగులుతాయి. మిగతాచోట్ల అరుదుగా వచ్చే అంగిలి క్యాన్సర్ అక్కడ ఎక్కువగా కనబడటానికి కారణం అదే. ఇది కొత్తగా తెలిసిన సంగతి కూడా కాదు. 1960లలోనే బొంబాయి పరిశోధకులు ఆ జిల్లా పల్లెల్లో ఇంటింటికీ తిరిగి నోళ్లు పరీక్షించి రాశారు. అంత పాత సంగతి మా ఇంటి గడప తొక్కడానికి చాలాకాలం పట్టింది.

మేము ఉండేది చెన్నైలో, పెరంబూరులో. ఒక సంక్రాంతి వెళ్లాక అత్తయ్య మా దగ్గరికి వచ్చారు. పై పళ్లు చాలావరకు ఊడిపోయాయి, కట్టుడు పళ్లు పెట్టించాలని మావారు పిలిపించారు. వీధి చివర పళ్ల డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. చిన్న వయసు అమ్మాయి, ఇద్దరు ముగ్గురు కూర్చోవడానికి మాత్రమే చోటున్న క్లినిక్కు. పై దవడకు అచ్చు తీయబోతూ ఆ అమ్మాయి ఆగిపోయింది. దీపం దగ్గరికి లాగింది, అద్దం పెట్టి చూసింది, నన్ను పిలిచి చూపించింది. అంగిలంతా తెల్లగా, ఎండిన చెరువు నేలలాగా బీటలు వారి ఉంది. మధ్యమధ్య సన్నటి ఎర్ర చుక్కలు. వెనకవైపు ఒకచోట మాత్రం తెలుపు లేదు, కందిబద్దంత మేర ఎర్రగా, నునుపుగా ఉంది. ఆ అమ్మాయి చూపు అక్కడే ఉంది.

"ఈవిడ పొగ తాగుతారా?" అని తమిళంలో అడిగింది. నేను తెలుగులో చెప్పేలోపే అత్తయ్యకు అర్థమైంది. తల అడ్డంగా ఊపారు. మా ఇంట్లో రోజూ సాయంత్రం డాబా మీదికి ఎందుకు వెళ్తారో నాకూ తెలుసు, నాకు తెలుసని ఆవిడకూ తెలుసు. "అత్తయ్యా, ఈ అమ్మాయి మనల్ని తప్పుపట్టడానికి అడగడం లేదు, చెప్పండి" అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత బల్ల మీదున్న కలం తీసుకుని, మొనను లోపలికి తిప్పి, పెదాల మధ్య పెట్టుకుని చూపించారు. డాక్టరు ముందు అర్థం చేసుకోలేదు. "నిప్పు లోపలికా?" అని నన్ను రెండోసారి అడిగింది. అవునన్నాను. అచ్చు తీసే గిన్నె పక్కన పెట్టేసి, చేతి తొడుగులు విప్పి, అత్తయ్య పక్కన కూర్చుని, పళ్లు తర్వాత పెడదాం, ముందు ముక్క తీసి పరీక్షకు పంపాలి అని నెమ్మదిగా చెప్పింది.

ఆ పిల్లకు నేను జీవితాంతం రుణపడి ఉంటాను. చూసీ చూడనట్టు పళ్లు కట్టి పంపినా ఎవరూ అడిగేవారు కాదు. పై పళ్ల సెట్టు అంగిలిని మూసేస్తుంది కూడా, ఆ ఎర్ర మచ్చ దాని కింద ఎవరికీ కనబడకుండా పెరిగేది.

అత్తయ్య మాత్రం ఒప్పుకోలేదు. "నొప్పి లేదు, మంట లేదు, అన్నం తింటున్నాను. లేని రోగానికి ముక్క కోయించుకోవాలా?" అన్నారు. మావారు కూడా తల్లి పక్షమే. అప్పుడు నేను పెద్దత్తయ్య పేరు ఎత్తాను. ఆవిడ మా అత్తయ్యకు తోడికోడలు. ఇద్దరూ ఒకే అరుగు మీద, ఒకే పొగాకు కట్ట నుంచి చుట్టుకునేవారు. పెద్దత్తయ్యకు అంగిట్లో పుండు పడితే వేడి చేసిందన్నారు, పసుపు రాశారు, తేనె రాశారు. నొప్పి మొదలై విశాఖ తీసుకెళ్లేసరికి అంగిలికి రంధ్రం పడింది. తాగిన గంజి ముక్కులోంచి వచ్చేది. ఆఖరి నెలల్లో ఆవిడకు తినిపించింది మా అత్తయ్యే. ఆ మాట గుర్తు చేయడం కఠినమే, కానీ చేశాను. మర్నాడు ఉదయం ఆవిడే చీర మార్చుకుని సిద్ధమయ్యారు.

నా కోపం ఇక్కడ చెప్పుకోవాలి. పెద్దత్తయ్యకు అన్ని నెలలు వైద్యం చేసిన ఆసుపత్రిలో ఒక్కరంటే ఒక్కరు కూడా "ఇంట్లో ఇంకెవరైనా అడ్డపొగ తాగుతారా, వాళ్లనూ తీసుకురండి" అనలేదు. పక్కనే నిలబడి ముక్కు తుడుస్తున్న మనిషి నోటిని ఎవరూ తెరిపించలేదు. మీ అమ్మగారి విషయంలో డాక్టరు మిమ్మల్ని గురించి అడిగే ఉంటారు, ఎందుకంటే మీరు కూతురు. తోడికోడలికి రక్తసంబంధం లేదు కదా! అలవాటు సంబంధం ఉందని ఎవరికీ తట్టలేదు.

ముక్క పరీక్షలో క్యాన్సర్ కాదని వచ్చింది, కానీ క్యాన్సర్‌కు దారితీసే మార్పులు బాగా ముదిరాయని రాశారు. నోట్లో తెల్ల మచ్చకంటే ఎర్ర మచ్చ ప్రమాదమని నాకు అప్పుడే తెలిసింది. అక్కడినుంచి అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లాం. మా పక్కింటావిడ అడయారు పేరు వినగానే కళ్లనీళ్లు పెట్టుకుంది. చెన్నైలో చాలామందికి ఆ పేరు చావుకు మారుపేరు. డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి తన చెల్లెలు 1923లో క్యాన్సర్‌తో పోవడం చూసి, అలా ఇంకొకరు పోకూడదని పట్టుబట్టి 1954లో 12 పడకలతో మొదలుపెట్టిన చోటు అది. జబ్బు లేనివాళ్లను ముందుగా పరీక్షించే విభాగం, పొగాకు మాన్పించే విభాగం అక్కడ ఉన్నాయి. జబ్బు ముదిరాక మాత్రమే వెళ్తే ఏ ఆసుపత్రి పేరైనా చావులాగే వినబడుతుంది.

ఆ మచ్చ ఉన్నచోట పైపొర తీసేశారు. మానేదాకా పుండు మీద ఒక పలక అమర్చారు. అత్తయ్య చాలా రోజులు మెత్తటి అన్నం, మజ్జిగతో గడిపారు. అంతే. కీమో లేదు, రేడియేషన్ లేదు, ముక్కులోంచి గంజి రాలేదు. ఇప్పటికీ పిలిచినప్పుడల్లా వెళ్లి చూపించుకుంటారు. అడ్డపొగ మానేశారు. మానాక మిగిలిన తెలుపు కూడా తగ్గుముఖం పట్టింది.

డబ్బు గుంజడం అన్నారు. గుంజేవాళ్లు లేరని నేను అనను. చెన్నైలో ఏ కూడలిలో చూసినా "సంపూర్ణ ఆరోగ్య పరీక్ష" బోర్డులే. ఏ ప్రమాదమూ లేని పాతికేళ్ల పిల్లలకు కూడా క్యాన్సర్ జాడ చెబుతాయంటూ సీఏ 125, సీఈఏ అనే రక్తపరీక్షలు కలిపి అమ్ముతున్నారు. సీఏ 125 నెలసరి సమయంలోనూ, గర్భంలోనూ కూడా పెరగవచ్చు. అది చూసి ఒక కుటుంబం నెలరోజులు నిద్రపోదు. దక్షిణ కొరియాలో అందరికీ మెడ స్కానింగులు చేసి చేసి, 1993తో పోలిస్తే 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ కేసులు 15 రెట్లు చేశారు. దానితో చనిపోయేవాళ్ల సంఖ్య మాత్రం మారలేదు. హాని చేయని గడ్డలకు కూడా కత్తి పెట్టారన్నమాట. నేను సమర్థించేది అది కాదు. ప్రమాదం ఉన్న మనిషికి, ఆ ప్రమాదానికి తగిన పరీక్ష. ఇదొక్కటే నా వాదన.

దీనికి రుజువు మా పక్క రాష్ట్రం కేరళలోనే ఉంది. తిరువనంతపురం జిల్లాలో 1996 నుంచి శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి నోళ్లు చూశారు. స్కానింగు లేదు, రక్తం తీయలేదు, వెలుతురులో కంటితో చూడటమే. ఫలితాలు 2005లో వచ్చాయి. పొగాకో మద్యమో అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయి. అలవాటు లేనివారిలో చెప్పుకోదగ్గ లాభం కనబడలేదు. ప్రమాదం ఉన్నవారిని వెతికి చూడటంలోనే లాభముందని దీనికంటే స్పష్టంగా ఎవరు చెప్పగలరు?

మన ప్రభుత్వం కూడా 2016లోనే 30 ఏళ్లు దాటినవారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం అయిదేళ్లకోసారి పరీక్షించాలని మార్గదర్శకాలు ఇచ్చింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి: 30 నుంచి 49 ఏళ్ల మహిళల్లో ఎప్పుడైనా నోటి పరీక్ష చేయించుకున్నవారు 0.9 శాతం. నూటికి ఒక్కరు కూడా లేరు! మా అత్తయ్య వయసువాళ్లయితే ఆ లెక్కలోకే రారు. సిగరెట్ పెట్టె మీద 85 శాతం మేర భయంకరమైన బొమ్మ వేయాలని చట్టముంది, మంచిదే. ఇంట్లో చుట్టుకునే చుట్టకు పెట్టె ఎక్కడుంది? దాన్ని తాగే ఆడవాళ్లకు హెచ్చరిక ఏ దారిన చేరాలి?

అందుకే మీ ద్వారా ఇది చదివేవాళ్లందరికీ చెబుతున్నాను. ఉద్యోగాలకని చెన్నై, బెంగళూరు వచ్చిన ఉత్తరాంధ్ర వాళ్లం లక్షల్లో ఉన్నాం. మన అమ్మలు, అత్తలు, అమ్మమ్మలు ఊళ్లో ఉన్నారు. ఈసారి వెళ్లినప్పుడు పగటి వెలుతురులో గుమ్మం దగ్గర కూర్చోబెట్టి, కట్టుడు పళ్లుంటే తీయించి, అంగిలి, బుగ్గల లోపలివైపు, నాలుక కింద చూడండి. తుడిస్తే పోని తెలుపు, నునుపైన ఎరుపు, రెండు వారాలు దాటినా మానని పుండు, వీటిలో ఏది కనబడినా దగ్గర్లోని దంతవైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్లండి. చెన్నైలో అయితే కోట రైల్వే స్టేషను దగ్గరే ప్రభుత్వ కళాశాల ఉంది. ఏమీ కనబడకపోయినా అడ్డపొగ అలవాటు ఉన్నవాళ్లను ఏటా ఒకసారి డాక్టరుకు చూపించండి. అక్కడ "పొగ తాగుతారా" అన్న ప్రశ్నకు వాళ్లు లేదనే అంటారు. పక్కన మీరుండి, తాగుతారని, నిప్పు లోపలికి పెట్టుకుని తాగుతారని డాక్టరుకు విడమరచి చెప్పండి. చాలామంది డాక్టర్లు ఆ మాట ఎప్పుడూ విని ఉండరు.