చెంచు విద్యార్థికి మంజూరైన స్కాలర్‌షిప్ ఖాతాలో పడకపోతే

కర్నూలులో మీతో పాటు పీజీ చదువుతున్న చెంచు విద్యార్థికి స్కాలర్‌షిప్ మంజూరైనట్టు జ్ఞానభూమిలో (రాష్ట్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ వెబ్‌సైట్) కనిపిస్తున్నా డబ్బు జమ కాలేదంటే, అతని ఖాతా ఎన్‌పీసీఐలో (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే జాతీయ సంస్థ) ఆధార్‌తో అనుసంధానం కాకపోవడం ఒక కారణమై ఉండవచ్చు.

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఖాతా తెరిచేటప్పుడు ఇచ్చిన ఆధార్ నకలు గుర్తింపు కోసం మాత్రమే. ప్రభుత్వ సొమ్ము నేరుగా జమ కావాలంటే ఆధార్ సీడింగ్ (ఆ అనుసంధానం) చేయమని బ్యాంకులో విడిగా సమ్మతి పత్రం ఇవ్వాలి. రెండు ఖాతాలుంటే, చివరిగా సీడింగ్ జరిగిన దానికే డబ్బు వెళుతుంది కనుక, ఇంటర్ నాటి పాత ఖాతాను కూడా తప్పక చూడండి.

1. మైఆధార్ వెబ్‌సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూడండి.

2. ఓటీపీ రాకపోతే (రీఛార్జి లేక పాత నంబరు రద్దయి ఉండవచ్చు) ఆధార్ కేంద్రంలో వేలిముద్ర వేయించి కొత్త నంబరు నమోదు చేయించండి.

3. సీడింగ్ లేదని తేలితే, బ్యాంకుకు అతన్ని ఒంటరిగా పంపకండి. మీరు వెంట వెళ్లి, ఇచ్చిన పత్రానికి రసీదు తీసుకునేదాకా అక్కడే ఉండండి.

4. సీడింగ్ పూర్తయ్యాక విశ్వవిద్యాలయ స్కాలర్‌షిప్ విభాగంలో చెప్పండి. అక్కడ పని కదలకపోతే, చెంచుల కోసం పనిచేసే శ్రీశైలం ఐటీడీఏకు (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) లిఖితపూర్వకంగా అర్జీ పెట్టించండి.